నరమా, స్నాయువా?

కుర్చీపై కూర్చుండి, మోకాలిని వంచి, మడమను గట్టిగా వెనుకకు లాగి, మోకాలి వెనుక గుంటకు ఇరుప్రక్కల వ్రేళ్లతో తడవి చూడుడు. బిగించిన త్రాళ్లవంటివి చేతికి తగులును. తొడ వెనుకటి కండరములు దిగువ యెముకలను లాగుటకు సాధనములైన త్రాళ్లవి. వీని పేరేమని యడిగినచో మనలో పెక్కుమంది "నరములు" అందురు.

మన వాడుకలో ఈ మాటకు పని యెక్కువ. ముసలివారి చేతులపై నీలముగా తేలునవి నరములు. నిజమున కవి రక్తము ప్రవహించు సిరలు. మెదడు ఆజ్ఞలను మోయునవియు నరములే. శాస్త్రమున వానికి నాడులని పేరు. కండను ఎముకకు బంధించు త్రాడును నరమే. 'నరము లేని నాలుక' యను సామెతలోని నరమేది? నాలుకకు నాడుల కొదువ లేదు గదా! బిగించి పట్టు త్రాడు లేదనియే దాని భావమని నా తలంపు.

సామెతకు ఇంత చాలును, గాయమునకు చాలదు. కోతకాలమున కొడవలి జారి మడమ వెనుక తెగినదనుకొందము. "నరము తెగినది" అని రోగి చెప్పును. ఏ నరము? సిర తెగినచో రక్తము కారును. నాడి తెగినచో దాని పరిధిలో స్పర్శ పోవును. పిక్కనుండి మడమ యెముకకు దిగు స్నాయువు శరీరమునందలి స్నాయువులన్నిటిలో బలిష్ఠమైనది. అది పూర్తిగా తెగినచో రోగి ఆ యొంటికాలి మునివ్రేళ్లపై లేచి నిలువజాలడు; స్పర్శ మాత్రము చెడదు. అది గమనింపక పై చర్మమును మాత్రమే కుట్టి పంపినచో పుండు మానును గాని కుంటు మానకపోవచ్చును.

స్నాయువను మాట క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత శరీరమున స్నాయువులు 900 అనియు, కండరలు 16 అనియు, అందు 4 పాదములవనియు లెక్కించినది. అచట కండర యనగా పెద్ద స్నాయువే. మనము ఆ పేరును మాంసపు కండకు పెట్టుకొంటిమి. వంగభాషలోనైతే స్నాయువనగా నాడియే! మాటలిట్లు చోటు మారుట సహజము. వానిని వెనుకకు మరలింపుమని నేననను.

సంస్కృతపదము పల్లెవారి నోట పలుకునా యని కొందరు శంకింతురు. కండరము మాత్రము పల్లెలో పుట్టినదా? పాఠశాల నేర్పగా నిలిచినది. పాఠ్యపుస్తకములు 'స్నాయుబంధన'మని వ్రాయుచునే యున్నవి. పరీక్ష ముగిసిన మరునాడు మనము దానిని మరచి, మరల నరమే యనుచున్నాము. ఇంటి ముచ్చటలలో నరమనుడు, తప్పు లేదు. వైద్యుని యెదుట మాత్రము "మడమ వెనుక స్నాయువు తెగినదేమో చూడుడు, మునివ్రేళ్లపై లేవలేకున్నాడు" అని చెప్పగలవారు ఇంటికొక్కరైన నుండవలయును.