ఓర్పు ఒక్కటే చాలదమ్మా!

ఆడపిల్లకి ఓర్పు నేర్పడానికి మన ఇళ్లలో ఎవరూ ప్రత్యేకంగా శ్రమపడక్కర్లేదు. అది ఉగ్గుపాలతోనే పోసేస్తాం. మోకాలు దోక్కుపోతే “ఏం కాదులే, ఊరుకో” అంటాం. కడుపునొప్పి అంటే “మాకు మాత్రం రాలేదా?” అంటాం. అత్తవారింట్లో మాట పడితే “సర్దుకో తల్లీ” అంటాం. అలా ఓర్చుకోవడమే మంచితనమని నమ్మి పెరిగిన పిల్ల ఒకరోజు ట్రంకు పెట్టె పట్టుకుని పోలీసు శిక్షణకి బయల్దేరితే, మనం చెప్పి పంపే మాట కూడా అదే. “తొమ్మిది నెలలు ఓర్చుకున్నావంటే జీవితం సెటిలైపోతుంది!”

ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం ఎవరైనా చెప్పాలిగా, అందుకే ఈవారం ఈ నాలుగు మాటలు.

1972లో కిరణ్ బేడీ ఐ.పి.ఎస్.కి ఎంపికై మౌంట్ అబూలోని జాతీయ పోలీసు అకాడమీకి వెళ్లినప్పుడు ఆడవాళ్లలో ఆవిడే మొదటిది. ఆ అకాడమీయే 1975లో మన హైదరాబాదు శివరాంపల్లికి తరలి వచ్చింది. ఇప్పుడు ఆడపిల్ల పోలీసవడం వింత కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సివిల్ కానిస్టేబుల్ నియామకాల్లో మూడోవంతు స్త్రీలకి కేటాయిస్తున్నారు. డిగ్రీ పూర్తయ్యాక పెళ్లి సంబంధాల కోసం ఎదురుచూడకుండా తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో పరుగులు తీస్తున్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తున్నారు. అయినా దేశం మొత్తమ్మీద పోలీసుల్లో స్త్రీలు నూటికి పన్నెండు మందికి అటూ ఇటూగానే ఉన్నారు. కాబట్టి వెళ్లిన ప్రతి అమ్మాయీ నిలబడి బయటికి రావడం ఆమెకే కాదు, మనందరికీ అవసరం.

ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పేవాళ్లు వీధికొకరు ఉన్నారు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లలో పరిగెత్తాలి. దానికి కోచింగులున్నాయి, పుస్తకాలున్నాయి. తీరా సెలక్టయ్యాక ఏం జరుగుతుందో మాత్రం చెప్పే దిక్కులేదు. కానిస్టేబుళ్లకి తొమ్మిది నెలలు, ఎస్సైలకి ఏడాది ఆ శిక్షణ. 800 మీటర్ల పరుగు ఆ ఇంటి గడప మాత్రమే, ఇల్లంతా ఆ తర్వాతే ఉంది.

రోజు ఎలా ఉంటుందంటే, కోడి కూయకముందే లేవాలి. మంచం మీద దుప్పటి మడత నలగకూడదు. అయిదింటికల్లా గ్రౌండులో వరసలో ఉండాలి. పీటీ, పరుగు, ఆ తర్వాత “సావధాన్, విశ్రామ్” అంటూ డ్రిల్లు. ఎండెక్కాక క్లాసులు. 2024 జులై 1 నుంచి పాత ఐ.పి.సి. పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, ఆ కొత్త చట్టాలన్నీ చదవాలి. ఒళ్లంతా పులిసిపోయి కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. కునుకు తీస్తే మళ్లీ గ్రౌండు చుట్టూ పరుగు! సాయంత్రం ఆటలో, మళ్లీ డ్రిల్లో. రాత్రి రోల్‌కాల్. అన్నీ అయ్యాక బట్టలుతుక్కుని, బూట్లు పాలిష్ చేసుకుని పడుకోవాలి. ఒకరి తప్పుకి వరసంతా శిక్ష అనుభవించాల్సి రావచ్చు. కొన్నిచోట్ల జుట్టు పొట్టిగా కత్తిరిస్తారు. నడుం దాకా జడ పెంచుకున్న పిల్లకి ఆ కత్తెర చప్పుడు పరుగు కంటే కష్టంగా ఉంటుంది.

అన్నిటికంటే గడ్డు కాలం మొదటి మూడు వారాలు. నిద్ర చాలదు, మెస్ తిండి సహించదు, ఇల్లు గుర్తొస్తుంది, “నేను దీనికి పనికిరానేమో” అనిపిస్తుంది. పక్క మంచం పిల్ల ధైర్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ ఆ పిల్లా దుప్పటి కప్పుకున్నాక ఏడుస్తూనే ఉంటుంది! ఈ సంగతి ముందే తెలిస్తే సగం భయం తగ్గుతుంది. ఎండకి అలవాటు పడటానికి ఒంటికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. మనసుకి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. అది బలహీనత కాదు.

ఇంత కష్టం ఎందుకు పెట్టాలి అని తల్లి ప్రాణం అడుగుతుంది. సమాధానం ఉంది. రేపు అర్ధరాత్రి ఓ తాగుబోతు కత్తి పట్టుకుని నిలబడితే, వెయ్యిమంది జనం తోసుకొస్తుంటే, ఆ అమ్మాయి గుండె దడదడలాడుతున్నా చెయ్యి వణక్కూడదు, నోరు జారకూడదు. ఆ నిబ్బరం పుస్తకాల్లో రాదు. అలిసిపోయిన స్థితిలో కూడా ఆలోచించడం, చిరాకులో కూడా చెప్పింది చెయ్యడం అభ్యాసంతోనే వస్తాయి. కాబట్టి చెమట, ఒళ్లునొప్పులు, మందలింపు, క్రమశిక్షణ... వీటిని ఓర్చుకోవాల్సిందే. ఇందులో జాలిపడాల్సింది లేదు.

అయితే ఓర్చుకోకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. మన పిల్లలు దెబ్బతినేది అక్కడే.

ముందు ఒంటి సంగతి చూద్దాం. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం అని తేలింది. అంటే శిక్షణకి వెళ్లే అమ్మాయిల్లో కూడా రక్తం తక్కువున్నవాళ్లు తక్కువేం కాదు. రక్తం చాలని పిల్ల పరిగెత్తలేకపోతే “బద్ధకం” అని పేరుపడుతుంది. ఆ పిల్ల కూడా తనకి పట్టుదల లేదని కుమిలిపోతుంది. అందుకని ఉత్తర్వు చేతికి రాగానే కొత్త సూట్‌కేసు కొనడం కాదు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. తక్కువుంటే డాక్టర్ చెప్పిన ఐరన్ మాత్రలు రెండు మూడు నెలల ముందునుంచే మొదలుపెట్టాలి. పోయేముందు వారం రోజులు సున్నుండలు పెడితే సరిపోదు!

రెండోది ఎముకలు. సైనిక శిక్షణల మీద జరిగిన అధ్యయనాల్లో, ఒకే శిక్షణ తీసుకున్నా మగవాళ్ల కంటే ఆడవాళ్లకి కాలి ఎముకల్లో సన్నటి పగుళ్లు వచ్చే ప్రమాదం ఎక్కువని తేలింది. ముందు అలవాటు లేకుండా ఒక్కసారిగా పరుగు పెంచడం, తిండి చాలకపోవడం దీనికి ముఖ్య కారణాలు. ఒళ్లంతా పులిసినట్టుండే నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. దాంతో భయం లేదు. కానీ ఎముక మీద ఒకేచోట వేలుపెట్టి చూపించగలిగే నొప్పి, రోజురోజుకీ పెరిగే నొప్పి, పడుకున్నా వదలని నొప్పి... ఇది వేరు. దీన్ని క్రేప్ బ్యాండేజీ కింద దాచిపెట్టి పరిగెత్తితే పగులు కాస్తా విరుగు అవుతుంది. కొన్ని వారాల విశ్రాంతితో పోయేదానికి నెలల శిక్షణ పోతుంది. అమ్మాయిలు ఎందుకు దాస్తారంటే, “ఆడవాళ్లు ఇంతే” అంటారని! ఆ ఒక్క మాటకి భయపడి ఎముక పణంగా పెడతారు.

మూడోది, మనం గట్టిగా మాట్లాడని విషయం. మరుగుదొడ్డి దూరమని, గ్రౌండు మధ్యలో అడగడానికి మొహమాటమని అమ్మాయిలు నీళ్లు తాగడం మానేస్తారు. మన ఎండల్లో అంతకన్నా ప్రమాదం లేదు. వడదెబ్బ, మూత్రంలో మంట రెండూ వస్తాయి. శ్రమ చేశాక మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. కండరాలు దెబ్బతిని కిడ్నీల మీదికి వస్తోందని దానర్థం.

అలాగే నెలసరి. శ్రమ పెరిగి, దానికి తగ్గ తిండి లేకపోతే నెలసరి ఆగిపోతుంది. “పీడా పోయింది, తొమ్మిది నెలలూ హాయి!” అనుకుంటారు పిల్లలు. హాయి కాదు. ఒంటికి తిండి చాలడం లేదని శరీరం కొట్టే గంట అది. దాని వెనకే ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది. వరసగా మూడు నెలలు రాకపోతే లేడీ డాక్టర్ని కలవాల్సిందే. పెళ్లయిన అమ్మాయైతే అంతదాకా కూడా ఆగకూడదు, మొదటి నెలే గర్భ పరీక్ష చేయించుకోవాలి. మెస్‌లో పప్పు నీళ్లలా ఉందని అన్నం వదిలేసి బిస్కెట్లతో గడపడం మాత్రం వద్దు. గుడ్డు, పాలు, పల్లీలు... ఏది దొరికితే అది, కడుపునిండా.

ఇక మాటల సంగతి. గట్టిగా అరవడం డ్రిల్లులో మామూలే. “ఎడమకాలేదో కుడికాలేదో తెలియదా?” అంటే అది కాలి గురించిన మాట, తుడిచేసుకోవచ్చు. కులాన్ని ఎత్తి, పుట్టుకని ఎత్తి, ఒంటి ఆకారాన్ని ఎత్తి అంటే అది శిక్షణ కాదు, అవమానం. ఈ తేడా మన పిల్లలకి తెలియాలి. చెయ్యి తగలరానిచోట తగిలినా, ఫోన్లో పిచ్చి మెసేజీలు వచ్చినా, అది ఎవరి నుంచైనా సరే, 2013 చట్టం అకాడమీ గేటు లోపల కూడా వర్తిస్తుంది. అంతర్గత ఫిర్యాదుల కమిటీకి మూడు నెలల్లోగా రాసి ఇవ్వాలి. తేదీ, సమయం, ఎవరెవరున్నారు... ఇవన్నీ ఆ రోజే ఓ నోటుపుస్తకంలో రాసి పెట్టుకోవడం మంచిది. రేపు ఎఫ్.ఐ.ఆర్. రాయబోయే చెయ్యి తన గోడు తాను రాసుకోలేకపోతే ఎలా?

“అవమానిస్తేనే రాటుదేలతారు” అనే పెద్దలు ఉన్నారు. అమెరికాలో లాస్ ఏంజెలిస్ కౌంటీ షెరిఫ్ శాఖలో హోవర్డ్ ఎర్ల్ అనే అధికారి ఈ నమ్మకాన్నే పరీక్షకి పెట్టాడు. కొత్తగా చేరినవాళ్లలో కొందరికి అరుపులు, శిక్షలతో కూడిన సైనిక పద్ధతిలో, కొందరికి మర్యాదగా, మామూలు పద్ధతిలో శిక్షణ ఇప్పించి, డ్యూటీలో చేరాక ఎవరెలా చేస్తున్నారో గమనించాడు. 1973లో పుస్తకంగా వచ్చిన ఫలితం ఏమిటంటే, మర్యాదగా నేర్చుకున్నవాళ్లే పనిలో మెరుగ్గా ఉన్నారు, తృప్తిగా ఉన్నారు, జనంతో కూడా బాగా మెలిగారు! అరుపులు పడినవాళ్లు గొప్ప పోలీసులవుతారన్నది తేలలేదు. ఇది పరాయి దేశం లెక్కే అయినా మనకీ తెలియనిదేం కాదు. అత్త చేత మాటలు పడిన కోడలు రేపు అత్తయ్యాక ఏం చేస్తుందో మనం చూడలేదూ?

అక్కడే అసలు సంగతి ఉంది. తన నొప్పి చెప్పుకోవడం తప్పని నేర్చుకున్న అమ్మాయి, రేపు స్టేషన్లో ఎదుటి మనిషి నొప్పి వినగలదా? భర్త కొట్టాడని ఓ తల్లి వస్తే “సర్దుకోమ్మా, సంసారమన్నాక ఇవన్నీ ఉంటాయి” అని పంపేస్తుంది. ఆ జవాబు ఆమెకి అకాడమీ ఒక్కటే నేర్పలేదు. మన ఇంట్లో మొదలైంది.

అందుకే ఇంట్లోవాళ్లు కూడా కొంచెం శిక్షణ తీసుకోవాలి. అకాడమీలో ఫోన్ చేతికొచ్చేది కాసేపే. ఆ కాసేపట్లో “నాయనమ్మకి బాగాలేదు, తమ్ముడు ఫెయిలయ్యాడు, సంబంధం వాళ్లు అడుగుతున్నారు” అని ఇంటి బరువంతా ఆ పిల్ల నెత్తిన పెట్టకండి. బిడ్డని వదిలి వెళ్లిన తల్లయితే “రోజూ నీకోసం ఏడుస్తున్నాడు” అని చెప్పి చంపకండి. వాడు ఇవాళ ఏం తిన్నాడో, ఏం కొత్త మాట నేర్చాడో చెప్పండి. పిల్ల ఏడవగానే “వచ్చెయ్ తల్లీ, నీకెందుకీ కష్టం!” అనొద్దు. “ఊళ్లో అందరికీ చెప్పుకున్నాం, తిరిగొస్తే మా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?” అని అసలే అనొద్దు. మొదటి మాట ఆమె కాళ్లు విరుస్తుంది. రెండోది తిరిగొచ్చే దారి మూసేస్తుంది. మూసిన దారి ముందు నిలబడిన పిల్ల ఏం ఆలోచిస్తుందో ఊహించడానికే భయం వేస్తుంది.

ఏం అనాలి మరి? “ఇవాళ తిన్నావా? ఎన్ని గంటలు పడుకున్నావు? ఎక్కడైనా నొప్పి ఉందా?” అని అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఎవరితోనూ మాట్లాడకుండా ముడుచుకుపోయినా, బతుకు మీద విరక్తి మాటలు వచ్చినా దాన్ని “కొత్త కదా” అని కొట్టిపారేయొద్దు. అధికారులతో మాట్లాడండి, డాక్టరుకి చూపించమనండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు ఆమె నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి పంపండి. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు గానీ పిల్లని ఇంకెక్కడ వెతుక్కుంటాం?

శిక్షణ ఇచ్చే పెద్దలకి కూడా ఓ మనవి. గ్రౌండుకి దగ్గర్లో శుభ్రమైన మరుగుదొడ్డి, పరుగు మొదట్లో మెల్లగా పెంచడం, చెప్పుకుంటే వినే ఓ లేడీ ఆఫీసర్... ఇవి సుకుమారం చేయడం కిందికి రావు. బండి బాగా నడవాలంటే ఇరుసుకి నూనె వేస్తాం కదా, ఇదీ అంతే.

మన పిల్లలకి ఓర్పు ఉంది. అది చాలినంత పెట్టే పంపాం. ఇప్పుడు దాని పక్కన ఇంకో మాట కూడా పెట్టి పంపుదాం. “చెమట పడితే తుడుచుకో తల్లీ, దెబ్బ తగిలితే మాత్రం నోరు తెరిచి చెప్పు.” అలా చెప్పడం నేర్చుకున్న అమ్మాయి స్టేషన్లో కూర్చుంటే, గడప దగ్గర తటపటాయిస్తూ నిలబడిన ఆడదానికి “లోపలికి రామ్మా, ఏమైందో చెప్పు” అనే పిలుపు వినిపిస్తుంది.