మా మార్ఫా ఏ ఫోల్డర్‌లో ఉంది?

"ముసల్మాన్‌వి గదా, ఖవాలీకి బీటు కలుపు, మస్తుంటది" అన్నాడు సెక్యులర్ దోస్తు. "సంగీతం హరామ్ బేటా" అన్నారు మసీదు పెద్దాయన. ఇద్దరూ నేను చేసింది వినలేదు. వినకముందే నేనేంటో తేల్చేశారు.

నాకు గురువు లేడు. హార్మోనియం ముట్టింది లేదు. పాత కంప్యూటరు, ఎల్‌ఎంఎంఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, అంతే. తెర మీద వరసకు పదహారు గళ్లు. గడి నొక్కితే దెబ్బ, వదిలేస్తే నిశ్శబ్దం. ఒకటి, ఐదు, తొమ్మిది, పదమూడు గళ్లలో డ్రమ్ము పెడితే డిస్కో నడక వచ్చేస్తుంది. మొదటి పాఠం అది.

రెండో పాఠం అవమానం. తెచ్చుకున్న శబ్దాల మూటలో 'అరేబియన్' అని ఒక ఫోల్డర్. తెరిస్తే ఎడారి గాలి, ఊద్ తీగ, అజాన్‌ని పోలిన ఏడుపు గొంతు. సినిమాలో గడ్డం విలన్ బాంబుతో వచ్చేటప్పుడు వినిపించేదే! పాతబస్తీ పెళ్లిళ్లలో మోగే మార్ఫా మాత్రం లేదు. నిజాం ఫౌజులో చేరిన హజ్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు తెచ్చిన దరువది. ఇవాళ హిందువుల బరాత్‌లోనూ అదే మోగుతుంది. మా దరువు కావాలి, మా పేరు వద్దా?

ఈ విద్య యూరప్‌లో పుట్టిందంటారు. 1944లోనే కైరోలో హలీమ్ ఎల్ దబ్ వైర్ రికార్డర్ అరువు తెచ్చుకున్నాడు. ఆడవాళ్లు దయ్యం వదిలించే 'జార్' క్రతువును రికార్డు చేసి, ప్రతిధ్వని చేర్చి, కొత్త శబ్దంగా మార్చాడు. పారిస్‌లో పియర్ షెఫర్ రైళ్ల శబ్దాలతో రచన చేసింది 1948లో. దబ్ ముస్లిం కాదు, కోప్టిక్ క్రైస్తవుడు. అయినా తన ఊరి ముస్లిం ఆడవాళ్ల గొంతు ఆయనకు పరాయిది కాలేదు.

నేనూ సెల్‌ఫోన్‌తో మా గల్లీ మార్ఫా రికార్డు చేశాను. దెబ్బ గడికి కాస్త ముందో వెనకో పడుతోంది. దాన్ని సరిగ్గా గడి గీత మీదికి లాగడానికి 'క్వాంటైజ్' అనే మీట ఉంది. నొక్కాను. దరువు చచ్చిపోయింది.

ప్రధాన స్రవంతిలో కలవమని మాకు చెప్పేవాళ్లు నొక్కమంటున్నదీ ఆ మీటే. మసీదు పెద్దలు నొక్కమంటున్నదీ అదే. పెళ్లిలో దఫ్ వాయించొచ్చని చెప్పే ఉలేమాలు లేరా చాచా?

మీట వెనక్కి తిప్పాను. 'అరేబియన్' ఫోల్డర్ చెరిపేశాను. నా పాటలో ఇంకా తప్పులున్నాయి, నేర్చుకుంటున్నాను. ముందు వినండి. నేనెవరో తర్వాత మాట్లాడుకుందాం.