చెరువు కడుపులో మాహౌల్

మా శాలిబండ వైపు ఇప్పుడు ఇద్దరు కలిస్తే సలాం తర్వాత రెండో మాట ఒకటే. "ఎక్కడ చూస్తున్నారు భాయ్?" చూడడమంటే ఇల్లు. 2024 మార్చి 8న పాతబస్తీ మెట్రోకు పునాదిరాయి పడింది. 2025 జనవరి నుంచి దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్ల, హరిబౌలి మీదుగా రోడ్డు వెడల్పు కోసం ఇళ్లూ దుకాణాలూ ఒక్కొక్కటే కూలాయి. గజానికి 81 వేల రూపాయలని సర్కారు లెక్క కట్టింది. చెక్కు చేతికి రాకముందే దలాల్ గడప దగ్గర నిలబడ్డాడు. ఎవరికి ఎంత వస్తుందో ఇంట్లో బీవీకి తెలియకపోయినా దలాల్‌కు తెలుసు.

మా ఇల్లు రోడ్డు మీద లేదు, గల్లీ లోపల ఉంది. అయినా మేమూ చూస్తున్నాం. అబ్బా ఇంతెఖాల్ తర్వాత 140 గజాల ఇంట్లో అమ్మీకి, ముగ్గురు అన్నదమ్ములకు, ఇద్దరు చెల్లెళ్లకు షరియత్ ప్రకారం హిస్సాలు వేస్తే ఎవరికీ సరైన గది కూడా మిగలదు. అమ్మక తప్పదు. అమ్మిన డబ్బుతో ఎక్కడికి వెళ్లాలన్నదే మూణ్నెల్లుగా మా దస్తర్‌ఖాన్ మీద పెద్ద బహస్. ఆ బహస్‌లో నాకు విసుగెత్తిన మాట ఒకటుంది: మాహౌల్.

"మాహౌల్ ఎలా ఉంది?" అని ప్రతివాడూ అడుగుతాడు. మాహౌల్ అంటే ఏమిటని నేను అడిగితే జవాబులు రెండే రకాలు. ఒక జట్టుకు మాహౌల్ అంటే మనవాళ్ల తలల లెక్క. ఆ గల్లీలో ఎన్ని ఇళ్లు మనవి, మసీదు ఎంత దూరం, అజాన్ వినిపిస్తుందా, గోష్ దుకాణం ఉందా. అంతటితో తహ్‌ఖీఖాత్ ఖతం. రెండో జట్టుకు మాహౌల్ అంటే మనవాళ్లు లేకపోవడం. అత్తాపూర్‌లో లిఫ్టున్న అపార్ట్‌మెంట్ కొనుక్కుని ఆర్నెల్లు కాలేదు, "పాతబస్తీలో పిల్లల తర్బియత్ ఏమవుతుంది భాయ్, రాత్రి రెండింటి దాకా చబూత్రాల మీద కుర్రాళ్లు" అని మనకే సుద్దులు. ఆ చబూత్రా మీదే అర్ధరాత్రి దాకా కూర్చుని చదువుకున్నవాడు ఈ మాట అంటుంటే నవ్వొస్తుంది. వాళ్లింట్లో దావత్‌కు హలీమ్ ఇప్పటికీ ఇక్కణ్నుంచే వెళ్తుంది.

ఈ రెండు జట్లూ పైకి కొట్టుకుంటాయి గానీ చేసే తప్పు ఒకటే. చుట్టూ ఎవరున్నారో చూస్తారు. కాళ్ల కింద ఏముందో చూడరు.

2020 అక్టోబర్ 13 రాత్రి గుర్తుందా? బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు పడిన వాన. బండ్లగూడ దగ్గర పల్లె చెరువు పొంగి అలీనగర్‌లో ఒకే కుటుంబం వాళ్లు కొట్టుకుపోయారు. ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీ మునిగింది. నాలుగు రోజులకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ నీటిపాలైంది. షాహీన్‌నగర్ పక్కన ఉస్మాన్‌నగర్‌లో బుర్హాన్‌ఖాన్ చెరువు నీళ్లు వారాలు కాదు, నెలలు నిలబడ్డాయి. రిపోర్టర్‌గా నేను ఆ గల్లీలన్నీ తిరిగాను. ఒక ఇంట్లో జహేజ్ అల్మారీ వెల్లకిలా పడి ఉంది. దాని మీద కూర్చుని ఒకాయన తడిసిన కాగితాలు ఆరబెడుతున్నాడు. ఏం కాగితాలని అడిగాను. "ఇంటివి" అన్నాడు. చూశాను. అన్నీ నోటరీ కాగితాలే, ఒక్క రిజిస్ట్రేషన్ లేదు. గల్ఫ్‌లో పద్నాలుగేళ్లు డ్రైవర్‌గా చేసి కొన్న ఇల్లట అది.

రెవెన్యూ రికార్డుల్లో 'శిఖం భూమి' అని ఉంటుంది. తెలుగువాళ్లు శిఖం అని రాస్తారు, మనవాళ్లు అది ఏదో సర్కారీ మాట అనుకుని వదిలేస్తారు. ఉర్దూ మీడియంలో చదివిన నాకైనా ఆ మాట తట్టాలి కదా, చాలా ఏళ్లు తట్టలేదు. అది మన షికమ్. ఫార్సీలో కడుపు. షికమ్ జమీన్ అంటే చెరువు కడుపు. నిజాం జమానా ముంషీ మన జబాన్‌లోనే సాఫ్‌గా రాసి పెట్టిపోయాడు, ఇది చెరువు పొట్ట, నీళ్లు వచ్చి పడుకునే చోటు అని. ఉర్దూ మా మాద్రీ జబాన్ అని జల్సాల్లో గొంతు చించుకునే మనమే ఆ ఒక్క మాట చదవలేక, ఆ కడుపులో పునాదులు తవ్వి, నీళ్లొస్తే ఆజమాయిష్ అనుకున్నాం.

ఆ ప్లాట్లు అమ్మిందెవరు? ఇక్కడ నా మీద కోపం రావచ్చు, రానివ్వండి. ఎక్కువ చోట్ల అమ్మింది మనవాళ్లే. వాళ్ల తరీఖా చూడండి. లేఅవుట్‌లో మొదట రోడ్డు వేయరు, నాలా తవ్వరు, మంచినీళ్ల పైపు వేయరు. మొదట మసీదుకు జాగా చూపిస్తారు. చిన్న షెడ్డు వేసి, మైకు పెట్టి, ఒక ఇమామ్ సాబ్‌ను తెచ్చి కూర్చోబెడతారు. "అజాన్ వినిపిస్తోంది కదా ఆపా, ఇంకేం కావాలి" అంటారు. అల్లా ఇంటిని ఇష్తెహార్ బోర్డు చేశారు. బ్రోషర్ మీద బిస్మిల్లా, కాగితం మీద నోటరీ ముద్ర. వక్ఫ్ జమీన్‌నే అలా అమ్మిన ఘనులు కూడా మనలో ఉన్నారు. వాళ్లతోనే మళ్లీ రంజాన్‌లో ఇఫ్తార్.

మసీదు కమిటీ సద్ర్ సాబ్‌లను ఒకటి అడగాలి. జుమా బయాన్‌లో పాయించాలు చీలమండ దాటాయా లేదా అని అరగంట చెప్తారు. నీటి దారిలో ఇల్లు అమ్మడం ధోకా అని, ఆ ధోకా డబ్బుతో కట్టిన మీనార్‌కు చందా తీసుకోకూడదని ఎన్ని జుమాల్లో చెప్పారు?

అలాగని తప్పంతా కొన్నవాళ్ల మీద, అమ్మినవాళ్ల మీద తోసి చేతులు దులుపుకునే పెద్దమనుషులకూ ఒక మాట. "మీవాళ్లే గుంపుగా ఉంటారండీ, కలవరు" అని నా డెస్కులోనే విన్నాను. కలవడానికి వెళ్లిన కథ చెప్తాను. పోయిన నెల బండ్లగూడ జాగీర్ అవతల ఒక ఇండిపెండెంట్ ఇంటికి 'టులెట్' చూసి ఫోన్ చేశాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియమైనా డిగ్రీ తెలుగులో చేశాను, పాతికేళ్లుగా తెలుగే రాసి తింటున్నాను. ఫోన్‌లో నా తెలుగుకు ఆయన ముచ్చటపడ్డాడు. "ఈ కాలంలో ఇంత చక్కటి తెలుగు మాట్లాడేవాళ్లు తక్కువండీ, ఏ జిల్లా మీది?" అన్నాడు. కిరాయి, అడ్వాన్సు, బోరు నీళ్లు, కారు పెట్టుకునే జాగా, అన్నీ తయ్ అయిపోయాయి. చివర్లో, "మాస్టారూ, పేరేమిటన్నారూ?" చెప్పాను. ఫోన్‌లో రెండు క్షణాలు ఏమీ వినిపించలేదు. "అయ్యో, మా మిసెస్ పొద్దునే ఎవరికో మాటిచ్చేసిందటండీ." నా తెలుగుకు ఇల్లు దొరికింది, నా పేరుకు దొరకలేదు.

ఇది నా ఒక్కడి దుఃఖం కాదు. ముస్లిమేతరుల బస్తీల్లో ఇల్లు కొనడానికీ అద్దెకు దొరకడానికీ ముస్లింలు పడే ఇబ్బందిని 2006లోనే సచార్ కమిటీ రాసింది. రాజ్యాంగం మతం పేరిట వివక్ష చూపొద్దని సర్కారుకు చెప్పింది, ఇంటి యజమానిని ఆపే చట్టం మాత్రం రాలేదు. పైగా 2005లో అహ్మదాబాద్ పార్సీ సొసైటీ కేసులో, సభ్యత్వం తమ మతంవాళ్లకే పరిమితం చేసుకునే బైలా చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో మతం చూసి ఇల్లు నిరాకరించడం 1968 నుంచి నేరుగా చట్టవిరుద్ధం. సింగపూర్ సర్కారైతే 1989 నుంచి తన ఫ్లాట్లలో ఏ జాతివాళ్లు ఎంతమంది ఉండొచ్చో కోటా పెట్టింది. ఆ పద్ధతి నాకు పూర్తిగా నచ్చదు, మైనారిటీవాడు ఇల్లు అమ్ముకోబోతే కొనేవాడు తగ్గుతాడు. కానీ పక్కపక్కన బతకడం సర్కారు జిమ్మేదారీ అని వాళ్లయినా ఒప్పుకున్నారు. మన దగ్గర 'గుంపుగా ఉంటారు' అనే వాళ్లే గేటు మూస్తారు. ఆ మూసిన గేట్లే దలాల్‌కు గిరాకీని పంపుతాయి. శిఖం భూమికి ధర ఎందుకొస్తుందని అడిగితే జవాబులో సగం అక్కడుంది.

ఇక మా అమ్మీ. ఆమెకు డెబ్బై నాలుగు. నేను ఇవన్నీ చెప్పి, మంచి కాగితాలున్న చోటికి, మనవాళ్లు నాలుగిళ్లే ఉన్నా సరే, కిరాయికైనా వెళ్దామన్నాను. ఆమె చాలాసేపు తస్బీహ్ తిప్పి అడిగింది. "అక్కడ నా జనాజా ఎవరు మోస్తార్రా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. 1990 డిసెంబర్ ఆమె చూసింది. మా మామూ కుటుంబం రాత్రికి రాత్రి సామాన్లు వదిలి మా ఇంటికి వచ్చింది, మళ్లీ వెనక్కి వెళ్లలేదు. అటు పక్కన మన మధ్య ఉన్న హిందూ కుటుంబాలూ అలాగే వెళ్లిపోయాయి. 'మనవాళ్లు ఎంతమంది' అన్న లెక్క ఆమెకు తంగ్‌నజరీ కాదు, ప్రాణం లెక్క. దాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. కొత్త కాలనీల్లో ఖబ్రస్తాన్ ఎక్కడ, మయ్యత్ వస్తే ఎన్ని కిలోమీటర్లు, జాగాకు ఎంత అడుగుతారు అన్నది మనం సిగ్గుపడి అడగని సంగతి. ఆమె అడిగింది.

కానీ అమ్మీ, ఆ ఖౌఫ్‌ను దలాల్ గజాల లెక్కన అమ్ముకుంటున్నాడు. అలీనగర్‌లో చుట్టూ మనవాళ్లే. నీళ్లు వచ్చిన రాత్రి మోయడానికి మనుషులున్నారు, నిలబడడానికి నేల లేదు.

ఇంకో సంగతి. ఈ మూణ్నెల్లలో ఇల్లు చూడడానికి వెళ్లిన ప్రతి జట్టులోనూ మగవాళ్లమే. మా ఆవిడ ఒకరోజు తన్‌జ్‌గా అంది: "మాహౌల్ మీరు చూసి వస్తారు, అందులో పొద్దంతా ఉండేది మేము." నిజమే. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ట్యూషన్ నుంచి మగ్రిబ్ తర్వాత బస్‌స్టాప్ నుంచి ఇంటికి నడవగలదా, దారిలో దీపాలున్నాయా, ఇంటర్‌కు కాలేజీ ఎంత దూరం, దూరమని చదువు మాన్పించమని ఏ ఫుప్పు సలహా ఇస్తుందో, వీటిలో ఒక్కటి కూడా నా నోట్‌బుక్‌లో లేదు. పాతబస్తీ నుంచి వెళ్లిన ఎన్ని ఇళ్లలో కొడుకుకు బైక్ కొని కూతురికి రిష్తా వెతికారో లెక్క తీస్తే బాగుండును.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో ఖాయిదా మారింది. ఎండాకాలంలో చూసిన ఇల్లు చూసినట్టు కాదు. వాన పడ్డ మర్నాడు వెళ్లాలి. దలాల్‌ను కాదు, పాన్ డబ్బావాణ్ని అడగాలి, 2020లో ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని. వాడు చేత్తో చూపిస్తాడు, మోకాలా, నడుమా అని. సర్వే నంబర్ తీసుకుని హెచ్‌ఎండీఏ చెరువుల నక్షాలో ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో చూడాలి. రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో, అంటే 22-ఏలో, ఆ నంబర్ ఉందేమో వెతకాలి. ముప్పై ఏళ్ల ఈసీ తీయాలి. "అందరూ నోటరీ మీదే కొన్నారు భాయ్" అన్నవాడికి ఖుదా హాఫిజ్ చెప్పి లేవాలి. 2024లో హైడ్రా వచ్చాక బుల్డోజర్ ముందు ఏడ్చిన తల్లుల దగ్గర కూడా ఏవో కాగితాలున్నాయి, చూశాం కదా.

ఇంతకీ ఇల్లు ఇంకా దొరకలేదు. కిస్మత్‌పూర్ వైపు ఒకటి ఉంది, కిరాయిది. యజమాని రిటైర్డ్ టీచర్. ఈసారి నేను ఫోన్‌లో మొదటి మాటగా పేరే చెప్పాను. "సరే, ఆదివారం రండి, మీ ఇంట్లోవాళ్లను కూడా తీసుకురండి" అన్నాడు. ఆ చుట్టూ మనవి మూడిళ్లు, మసీదు ఒకటిన్నర కిలోమీటర్లు, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే నీళ్లు ఏ పక్కకు పోతాయో ఇంకా కనుక్కోవాలి. అసర్ తర్వాత బయల్దేరుతున్నాం. అమ్మీ తనూ వస్తానంది. బుర్ఖా ఇస్త్రీ చేయించుకుంది, ఒక ఖాళీ సీసా కడిగి పెట్టుకుంది. అక్కడి బోరు నీళ్లు తెచ్చి ముందు చాయ్ కాచి చూస్తుందట.