తప్పును బట్టి శిక్షా? మనిషిని బట్టి శిక్షా?

వేంపల్లె చుట్టుపక్కల మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఒకరికి ఉద్యోగం వచ్చిందంటే అది ఆ ఒక్క మనిషి ముచ్చట కాదు. స్వీపరు పనైనా, అటెండరు పనైనా ఆ జీతం మీదనే పిల్లల చదువు, ముసలోళ్ల మందులు, తీర్చాల్సిన అప్పు అన్నీ ఆధారపడి వుంటాయి. ఆ ఉద్యోగం పీకేస్తే శిక్ష పడేది ఇంటిల్లిపాదికీ.

తప్పు చేసినోణ్ణి వెనకేసుకు రావాలని మేం అనడం లేదు. సొమ్ము తింటే శిక్ష పడాల్సిందే. మేం అడిగేది ఒక్కటే. పలుకుబడి వున్నోడు నెల దినాలు ఆఫీసు మొహం చూడకపోతే మెమోతో సరి. మనోడు మూడు దినాలు రాకపోతే "రేపట్నుంచి రావద్దు". తప్పు ఒకటే, తూకం రాళ్లే వేరు!

1991 నాటి రాష్ట్ర సి.సి.ఎ. నియమాల్లో శిక్షలు మెట్లు మెట్లుగా వున్నాయి: మందలింపు, ఇంక్రిమెంటు ఆపడం, హోదా తగ్గించడం, చిట్టచివరికి డిస్మిస్. మెట్లు పెట్టింది తప్పును తూచి శిక్ష వేయడానికే గదా! 1987లో సుప్రీంకోర్టు ముందుకు ఒక సైనికుడి కేసు వచ్చింది. నిర్బంధంలో వుండగా అన్నం తినమంటే తినలేదని ఏడాది జైలు వేసి, ఉద్యోగం తీసేశారు. అతను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ అధికారే తీర్పు చెప్పేవాళ్లలో కూచున్నాడు. కోర్టు ఆ శిక్ష కొట్టేసింది. 1993లో హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. కేసులో అయిదుగురు జడ్జీలు ఇంకో మాట తేల్చారు. విచారణ ఒకరు చేసి శిక్ష ఇంకొకరు వేసేచోట, ముందుగా విచారణ నివేదిక కాపీ ఉద్యోగి చేతికి ఇవ్వాలి. సర్కారు పనైనా, ప్రైవేటు పనైనా అంతే.

కానీ మనోళ్లు ఎక్కువమంది వుండేది ఔట్‌సోర్సింగులో. అక్కడ మెట్లూ లేవు, నివేదికా లేదు. కాంట్రాక్టరు నోటిమాటే తీర్పు. 2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మె చేస్తే, గడువులోగా పనిలో చేరలేదని దాదాపు 48 వేల మందిని "సెల్ఫ్ డిస్మిస్" అన్నారు. యాభై దినాలు దాటినాక మళ్లీ పనిలోకి తీసుకున్నారు. అంతమందిని పోగొట్టుకుంటే బస్సులు నడవవు. మరి ఒంటరి స్వీపరమ్మను తీసేస్తే అడిగే దిక్కెవరు?

ఆ దిక్కు మనమే కావాలి. తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు. ఆరోపణ ఏందో రాతలో ఇమ్మనండి. గడువులోపల జవాబు రాసి, అందినట్టు రసీదు తీసుకోండి. అప్పీలులో "నేను తప్పు చేయలేదు" అని ఆగొద్దు. "తప్పే అనుకున్నా, ఇంత శిక్షా? ఇదే తప్పు చేసిన ఫలానా వాళ్లకు ఏం వేశారు?" అని కూడా అడగండి. రాయడం రాకపోతే చదువుకున్నోళ్లం మేమున్నాం, కూచుని రాసిపెడతాం. ఆఫీసుకు పోయేటప్పుడు మాత్రం ఒక్కరే పోవద్దు. పదిమంది కలిసి పోదాం.