ఖాళీగడి

ఇంటిపద్దు వ్రాయు అలవాటు మనకు క్రొత్తది కాదు. అట్టి పద్దులనే కంప్యూటరునందు వరుసలు, గడులు గల పట్టికలుగా నిలుపవచ్చునని ఐ.బి.యం. సంస్థయందు పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ 1970లో తెలిపెను. ఆ పట్టికలను ప్రశ్నించుటకై 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు ఒక భాషను వెలువరించిరి. నేటి ఎస్.క్యూ.ఎల్. అదియే. ఏమి కావలయునో చెప్పిన చాలును. ఎట్లు వెదకవలయునో యంత్రమే చూచుకొనును.

అయినను ఇందొక మెలకువ కలదు. ఒక గ్రామమున శిశువుల పట్టిక యున్నదనుకొనుడు. టీకాగడిలో కొందఱికి 'అయినది' అనియు, కొందఱికి 'కాలేదు' అనియు కలదు. ఒక బిడ్డకు మాత్రము ఏమియు వ్రాయలేదు. "గడిలో 'అయినది' అని లేనివారెవరు?" అని యీ భాషలో సామాన్యముగా నడిగినచో ఆ బిడ్డ పేరు రాదు! ఖాళీగడి యనగా యంత్రమునకు 'తెలియదు' అని యర్థము. అది అవుననుటయు కాదు, కాదనుటయు కాదు. ఖాళీగడులవారెవరని వేఱుగా నడిగిననే ఆ పేరు బయటపడును.

కావున టీకా వేయించినను, వేయింపకున్నను, మీ బిడ్డ గడి నిండినదో లేదో అడిగి తెలిసికొనుడు. లెక్కనుండి జాఱిన బిడ్డను వెదకివచ్చువారుండరు.