ఇంధనపు గిరాకి - మొక్కజొన్న రైతు

పరదేశపు చమురుపై నాధారపడుట తగ్గవలెననెడి సంకల్పము స్వదేశాభిమాని యగు ప్రతివానికిని సమ్మతమే. మనము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి విదేశములనుండి వచ్చుచున్నది. కావున పెట్రోలులో ఇథనాలును కలుపు విధానమును మేము నిరసింపము. 2014లో నూటికి ఒకటిన్నర పాళ్లుగా నున్న యీ మిశ్రమము 2025లో 20 పాళ్లకు చేరినది. ఇది సామాన్యకార్యము కాదు. అయితే దీని భారమును మోయుచున్న రైతునకు దక్కిన దేమి?

మొదట నీ పనికి చెఱకే ప్రధానముగ నుండెను. 2023లో వానలు తక్కువై చెఱకు పంట క్షీణించునని తోచగా, డిసెంబరులో ప్రభుత్వము చెఱకురసమునుండి ఇథనాలు తీయుటను నిషేధించి, కొలది దినములకే కొంత సడలించెను. అంతకుముందు జూలైలోనే గిడ్డంగుల బియ్యమును బట్టీలకు విక్రయించుట నిలిపివేసిరి. ఇక మిగిలినది మొక్కజొన్న. 2024 జనవరిలో చమురు కంపెనీలు మొక్కజొన్న ఇథనాలునకు లీటరుకు 71 రూపాయల 86 పైసలు నిశ్చయించినవి. బట్టీల గిరాకి యెంతగా పెరిగెననిన, చిరకాలము మొక్కజొన్న నెగుమతి చేసిన మన దేశము ఆ యేడు మయన్మారు, యుక్రెయిను దేశములనుండి దానిని తెప్పించుకొనవలసి వచ్చెను. మేత ప్రియమై కోళ్ల పరిశ్రమవారు సుంకములేని దిగుమతులకై మొఱపెట్టిరి.

ధర చూచి రైతు పంట మార్చెను. 2025 వానకాలమున మొక్కజొన్న విస్తీర్ణము దేశమున పెరిగెను. కాని ఆ జనవరిలోనే ప్రభుత్వము బట్టీల కిచ్చు గిడ్డంగుల బియ్యపు వెలను క్వింటాలుకు 2250 రూపాయలకు తగ్గించి, తరువాత 52 లక్షల టన్నులు కేటాయించెను. మొక్కజొన్న మద్దతు ధరయో 2400 రూపాయలు! బట్టీలును అవసరమునకు మించి వెలసినవి. 2025-26 సరఫరాకు చమురు కంపెనీలు 1050 కోట్ల లీటర్లు కోరగా, 1776 కోట్ల లీటర్లు ఇత్తుమని ఉత్పత్తిదారులు ముందుకు వచ్చిరి. తుదకు నవంబరులో కర్ణాటకమున హావేరి, గదగు ప్రాంతములలో మొక్కజొన్న మద్దతు ధరకు మిక్కిలి దిగువకు పడిపోయి, రైతులు వీథుల కెక్కిరి. తెలంగాణమున మార్క్‌ఫెడ్డు కొనుగోలునకు దిగవలసి వచ్చెను.

మొక్కజొన్న వేయని రైతునకును ఈ బెడద తప్పలేదు. బట్టీలలో సారము తీయగా మిగులు పిప్పి చౌకమేతయై సోయాపిండి గిరాకిని దెబ్బతీసెను. 2024, 2025 సంవత్సరములలో సోయాచిక్కుడు మద్దతు ధరకు దిగువన అమ్ముడుపోవుటకు ఇదియు నొక కారణము. ఆదిలాబాదు రైతు లీ సంగతి నెఱుగుదురు.

ఒక చిన్న లెక్కను పాఠకులు గమనింతురు గాక. టన్ను మొక్కజొన్నకు సుమారు 380 లీటర్ల ఇథనాలు వచ్చును. పై ధర చొప్పున బట్టీవారికి 27 వేల రూపాయలకు పైబడిన రాబడి. పిప్పి విలువ వేఱు. మద్దతు ధర చొప్పున రైతునకు రావలసినది 24 వేలు. యార్డులో గింజ ధర పడిపోయినప్పుడు ఆ వ్యత్యాసము రైతునకు జేరదు, పెట్రోలు కొనువానికిని జేరదు. లీటరుకు ధర నిశ్చయింపగలిగినవారు క్వింటాలుకు నిశ్చయింపలేక పోవుటేమి?

భూస్వాములును ఆత్మపరీక్ష చేసికొనవలెను. ధర హెచ్చినయేడు కౌలు పెరుగును. ధర పడినయేడు ఆ కౌలు దిగదు. నష్టమంతయు దున్నువాని నెత్తిననే పడును.

మేము కోరునవి రెండే. మద్దతు ధర చెల్లించినట్లు రసీదు చూపిన బట్టీకే నిశ్చితధర నీయవలెను. గిడ్డంగుల బియ్యమెంత, యే వెలకు బట్టీలకు పోవునో రైతు విత్తనము చల్లకమునుపే ప్రకటింపవలెను. చమురులో స్వావలంబనము దేశమునకు గౌరవము. రైతును నష్టపెట్టి సంపాదించిన స్వావలంబనము నిలువదు.