పాచిక దొంగదా?

రిటైరై కొంటాకి వచ్చాక, సాయంత్రం శబరి ఒడ్డున నడక అయ్యాక తోచక, వంతులవారీగా ఆడే యుద్ధాల కంప్యూటర్ ఆటలు పట్టాను. చిన్నప్పుడు అరుగు మీద ఆడిన పులి-మేకలో 3 పులులు, 15 మేకలు, పాచిక లేదు. ఓడితే తప్పు మనదే. ఇక్కడ అలా కాదు.

నాకు నచ్చినవి రెండు. 1991లో సిడ్ మెయర్ తెచ్చిన 'సివిలైజేషన్', ఉచితంగా దొరికే 'బ్యాటిల్ ఫర్ వెస్నాత్'. మొదటిది ఊరు కట్టడం నుంచి అంతరిక్ష నౌక దాకా పోతుంది. అయినా నా ఓటు రెండోదానికే. దెబ్బ తగిలే అవకాశం నూటికెంతో ముందే చూపిస్తుంది, ఆ లెక్క తప్పదు. మైదానంలో నిలబడ్డ ఓర్క్ అనే రాక్షసుడి మీద ఈటెవాడి పోటు తగిలే అవకాశం 60 శాతం. వాడి మూడు పోట్లూ తప్పడానికి 6.4 శాతం, అంటే దాదాపు పదహారుసార్లకి ఒకసారి. అది జరిగినప్పుడల్లా మా మనవడు "కంప్యూటర్ దొంగాట ఆడుతోంది తాతయ్యా" అంటాడు.

మెయర్ 2010లో ఒక సభలో చెప్పింది ఇదే. 3:1 బలం ఉంటే ఆటగాళ్ళు ఓటమిని ఒప్పుకోరట. అందుకని 'సివిలైజేషన్ రివల్యూషన్'లో లెక్కని వాళ్ళవైపు సర్దారట. రక్షణ శాఖ పద్దులు చూసినవాణ్ణి, నాకిది మింగుడు పడదు.

మనవణ్ణి అనడమెందుకు? మొన్న వరసగా మూడు తప్పాక, "ఈసారి తగలక ఎక్కడికి పోతుంది" అని నాయకుణ్ణి కోటలోంచి బయటికి తోశాను. దేవుణ్ణి నమ్మనివాణ్ణి, పాచిక నాకు బాకీ ఉందని నమ్మాను! నాయకుడు చచ్చాడు. వాడు పోతే ఆట పోయినట్టే. మనవడు ఇప్పటికీ నవ్వుతున్నాడు.